మెషిన్‌గన్ కాదన్నది నిజమే, కానీ చేను కాపలాకు ఆ రైఫిల్ వద్దు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం పాఠకుల ఉత్తరాల్లో అచ్చంపేట వైపు నుంచి ఒక రైతు సోదరుడు అడవి పందుల బాధ గురించి రాశారు. రాత్రికి రాత్రి వేరుశనగ చేను తవ్విపోతున్నాయని, చుట్టూ పాత చీరలు కట్టినా, డబ్బాలు మోగించినా, మంచె మీద నిద్ర కాచినా ఆగడం లేదని రాశారు. అందులో ప్రతి మాటా నిజం. మాది దేవరకొండ దగ్గర పల్లె, మా చెల్కల్లో కూడా ఇదే గోస. అయితే ఉత్తరం చివర ఆయన ఒక కోరిక కోరారు. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మెషిన్‌గన్ కాదని, ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్క తూటాయే వస్తుందని, అమెరికాలో మామూలు జనం దుకాణంలో కొనుక్కుంటున్నారని, కాబట్టి మన రైతులకు కూడా జిల్లా స్థాయిలోనే దానికి లైసెన్సు ఇవ్వాలని. ఆ ఉత్తరం ఫోటో తీసి మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. హోటల్ దగ్గర కూర్చున్న కుర్రాళ్లు "ఇస్తే ఏమైతది పెద్దనాన్నా?" అని నన్ను అడిగారు. చాయ్ తాగేలోపు చెప్పే సంగతి కాదు కాబట్టి మీకు రాస్తున్నాను.

నేను నల్గొండ జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఆర్మరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. తుపాకి కాల్చేవాళ్లు వేరు, దాన్ని విప్పి, తుడిచి, అరిగిన స్ప్రింగు మార్చి, మళ్లీ బిగించి బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే ఆయుధాల గదిలో, వరుసగా నిలబెట్టేవాళ్లు వేరు. నాది రెండో పని. త్రీనాట్‌త్రీ, మస్కెట్, స్టెన్ గన్, కార్బైన్, ఎస్‌ఎల్‌ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్), ఇన్సాస్, ఏకే, ఎల్‌ఎంజీ (లైట్ మెషిన్‌గన్) అన్నీ నా బల్ల మీద ముక్కలు ముక్కలుగా పరుచుకున్నవే. ఎన్నికలప్పుడు ఊళ్లలోని లైసెన్సు తుపాకులు డిపాజిట్‌కు వచ్చేవి. పెద్ద ఇళ్ల డబుల్ బ్యారెల్స్, బ్యాంకు గార్డుల సింగిల్ బ్యారెల్స్, తాతల నాటి బర్మార్లు, అంటే ముందు నుంచి మందు కూరే తుపాకులు. వాటినీ దగ్గరగా చూశాను.

ఆ సోదరుడు చెప్పిన మొదటి మాట ముమ్మాటికీ సరైనది. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ వేరు, మెషిన్‌గన్ వేరు. ఇది పోలీసుల ఇష్టాన్ని బట్టో, తుపాకి రూపాన్ని బట్టో పెట్టిన తేడా కాదు. లోపల ఉన్న యంత్రాన్ని బట్టి చట్టం పెట్టిన తేడా.

తూటా పేలినప్పుడు పుట్టే గ్యాస్‌లో కొంత, బ్యారెల్ మీది సన్నని రంధ్రం గుండా వచ్చి పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది. బ్యారెల్ వెనక భాగాన్ని మూసి ఉంచే బోల్టు వెనక్కి పోతుంది, ఖాళీ కేసు బయటికి ఎగురుతుంది, తూటాను పేల్చే చిన్న సుత్తి, అంటే హ్యామర్, వెనక్కి వాలుతుంది. స్ప్రింగు బోల్టును తిరిగి ముందుకు నెట్టేటప్పుడు మ్యాగజైన్‌లోని (తూటాల డబ్బాలోని) తర్వాతి రౌండు, అంటే తూటా, అది పేలే గదిలోకి (ఛాంబర్‌లోకి) చేరుతుంది. ఇంతవరకు ఎస్‌ఎల్‌ఆర్ అయినా ఏకే అయినా ఒకటే, రెండూ తమంతట తామే నింపుకుంటాయి. తేడా అంతా ట్రిగ్గర్ పైన గుప్పెట్లో పట్టే ఇనుపముక్కల్లో ఉంటుంది. సెమీ ఆటోమేటిక్‌లో వాలిన హ్యామర్‌ను ఒక కొక్కెం పట్టి ఉంచుతుంది. వేలు వదిలి మళ్లీ నొక్కితే తప్ప వదలదు. ఆటోమేటిక్‌లో బోల్టు పూర్తిగా మూసుకున్న ప్రతిసారీ ఇంకో చిన్న మీట ఆ హ్యామర్‌ను తనే వదిలేస్తుంది. వేలు తీసేదాకా, లేకపోతే మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకా. కొన్ని ఇళ్లలో కాలింగ్ బెల్ ఎంతసేపు నొక్కి పట్టుకున్నా ఒక్కసారే 'టింగ్' అంటుంది, కొన్ని ఇళ్లలో నొక్కినంతసేపూ మోగుతూనే ఉంటుంది. తేడా అదే.

బయట నుంచి చూసి తెలుసుకోవాలంటే కాల్పు తీరు మార్చే మీట, అంటే చేంజ్ లీవర్, చూడాలి. మన ఎస్‌ఎల్‌ఆర్‌కు రెండే స్థానాలు. ఒకటి సేఫ్, రెండోది ఒక్కో రౌండు. ఏకేకు మూడు. పైన సేఫ్, నడుమ ఆటోమేటిక్, అడుగున సింగిల్. ఎస్‌ఎల్‌ఆర్ పొడుగ్గా, బరువుగా, చూడగానే భయం పుట్టేలా ఉంటుంది. స్టెన్ గన్ నీళ్ల పైపు ముక్కకు మ్యాగజైన్ తగిలించినట్టు ఉంటుంది, అందులో పడేది పిస్టల్‌లో వాడే 9 ఎంఎం రౌండే. అయినా చట్టం దృష్టిలో మెషిన్‌గన్ కోవలోకి వచ్చేది స్టెన్ గన్, ఎస్‌ఎల్‌ఆర్ కాదు.

మన ఆయుధాల చట్టం 1959లో వచ్చి 1962 అక్టోబరు 1 నుంచి అమలవుతోంది. అందులో రెండో సెక్షన్‌లో 'నిషిద్ధ ఆయుధాలు' అంటే ఏవో చెప్పారు. ట్రిగ్గర్ మీద ఒత్తిడి పెడితే, ఆ ఒత్తిడి తీసేవరకు గానీ మ్యాగజైన్ ఖాళీ అయ్యేవరకు గానీ తూటాలు వస్తూనే ఉండేలా తయారుచేసిన, లేదా ఆ విధంగా మార్చిన తుపాకి నిషిద్ధ ఆయుధం. విషవాయువులు చిమ్మేవి, ఫిరంగులు, విమానాల మీదికీ ట్యాంకుల మీదికీ పేల్చేవి కూడా అందులోనే ఉన్నాయి. 'మార్చిన' అన్న మాట చదువరులు గమనించాలి. మామూలు తుపాకి కొని కొక్కెం అరగదీసి ఆటోమేటిక్ చేసుకున్నా అదే నేరం. 2019 సవరణ తర్వాత నిషిద్ధ ఆయుధం అనుమతి లేకుండా దగ్గర పెట్టుకుంటే ఏడేళ్లకు తగ్గకుండా పద్నాలుగేళ్ల దాకా జైలు. మామూలు నాటు తుపాకి లైసెన్సు లేకుండా దొరికితే రెండేళ్ల నుంచి ఐదేళ్లు. కేసు డైరీలో ఆ తుపాకి ఏ రకమని రాశారన్న దాని మీద ఒక మనిషి బతుకులో ఇన్నేళ్లు ఆధారపడి ఉంటాయి.

అమెరికా వాళ్ల చట్టం 1934 నాటిది. అప్పట్లో షికాగో ముఠాలు థాంప్సన్ సబ్‌మెషిన్‌గన్లు పట్టుకుని వీధుల్లో కాల్చుకునేవి. 1929 ఫిబ్రవరి 14న ఒక గ్యారేజీలో ఏడుగురిని గోడకు నిలబెట్టి చంపారు. ఆ రోజుల్లో వచ్చిన నేషనల్ ఫైర్ ఆర్మ్స్ యాక్ట్, మెషిన్‌గన్ చేతులు మారితే 200 డాలర్ల పన్ను కట్టాలని, రిజిస్టర్ చేయించాలని చెప్పింది. ఆ కాలానికి ఇంచుమించు తుపాకి ఖరీదంత పన్ను అది. వాళ్ల నిర్వచనం మనదాని కంటే పొట్టిది. మళ్లీ చేత్తో నింపకుండా, ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేస్తే ఒకటి కంటే ఎక్కువ తూటాలు దానంతట అదే వదిలేది మెషిన్‌గన్. అలా మార్చడానికే తయారుచేసిన విడిభాగాన్ని కూడా మెషిన్‌గన్‌గానే లెక్కిస్తారు. 1986 మే 19 తర్వాత తయారైన మెషిన్‌గన్ అక్కడ మామూలు పౌరుడి చేతికి రాకూడదు. అంతకుముందు రిజిస్టరైనవి మాత్రమే చేతులు మారుతున్నాయి, ధర వేల డాలర్లలో ఉంటుంది. కాబట్టి "అమెరికాలో మెషిన్‌గన్లు కిరాణా కొట్టులో దొరుకుతాయట" అని హోటల్లో అనుకునేది తప్పు. అక్కడ సులువుగా దొరికేది ఏఆర్-15 లాంటి సెమీ ఆటోమేటిక్ రైఫిల్. అచ్చం సైన్యం వాడే ఎం-16లా ఉంటుంది, చాలా పార్టులు దీనివి దానికి పడతాయి, ఒక్క ఆటోమేటిక్ మీట తప్ప. 1994లో అక్కడి సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన స్టేపుల్స్ కేసు సరిగ్గా ఇదే. ఏఆర్-15లో ఎం-16 పార్టులు బిగించి ఉన్నాయి. ఆ తుపాకి ఆటోమేటిక్‌గా పేలుతుందని యజమానికి తెలుసునని ప్రభుత్వం రుజువు చేయాల్సిందేనని కోర్టు చెప్పింది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టే ఆ మాట చెప్పాల్సి వచ్చింది.

ఆ సోదరుడి మొదటి మాటకు ఇంత ఆధారం ఉంది. రెండో మాట దగ్గరే నా అభ్యంతరం. మెషిన్‌గన్ కానిదల్లా మామూలు తుపాకి అని మన చట్టం ఎక్కడా అనలేదు.

అమెరికా ఒక్కటే గీత గీసింది, ఆటోమేటిక్ దగ్గర. మనం రెండు గీశాం. ఆయుధాల నియమాలు 2016లో మొదటి షెడ్యూలు చూడండి. ఒకటో కేటగిరీలో 'ఎ' అంటే చట్టం చెప్పిన నిషిద్ధ ఆయుధాలు. దాని కిందే 'బి'లో సెమీ ఆటోమేటిక్ తుపాకులు ఉన్నాయి. పిస్టళ్లను మాత్రం విడిగా మూడో కేటగిరీలో పెట్టారు. 'సి'లో .303 (మన త్రీనాట్‌త్రీ), 7.62 ఎంఎం సర్వీసు తూటా పట్టే రైఫిళ్లు, అవి బోల్టు యాక్షన్ అయినా సరే. ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగాల్సిన త్రీనాట్‌త్రీని కూడా అందులో ఎందుకు పెట్టారని ఒక కొత్త ఎస్ఐ నన్ను అడిగారు. అక్కడ చూసింది ట్రిగ్గర్‌ను కాదు, తూటాను. సర్కారు తూటా పట్టే తుపాకి బయట ఉంటే సర్కారు తూటా బయటికి పోతుంది. ఈ ఒకటో కేటగిరీ లైసెన్సు కలెక్టర్ ఇచ్చేది కాదు, ఢిల్లీలో కేంద్ర హోంశాఖ ఇవ్వాలి. ఆ సోదరుడు తీసేయమంటున్నది ఈ రెండో గీతనే.

అది ఎందుకు ఉండాలో చెప్పడానికి అమెరికాలోనే రెండు ఘటనలున్నాయి.

2017 అక్టోబరు 1న లాస్ వెగాస్‌లో ఒక హోటల్ 32వ అంతస్తు నుంచి ఒక మనిషి కింద పాటల కచేరీకి వచ్చిన జనం మీద కాల్చాడు. పది నిమిషాల వ్యవధిలో వెయ్యికి పైగా తూటాలు. ఆ రాత్రికి 58 మంది పోయారు, గాయాలతో తర్వాత పోయినవాళ్లతో కలిపి 60. అతని దగ్గరున్నవి చట్టం ప్రకారం సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు. వాటికి 'బంప్ స్టాక్' అనే మడమ (భుజానికి ఆనించే భాగం) బిగించాడు. తుపాకి వెనక్కి తన్నే దెబ్బకు రైఫిల్ మొత్తం ఆ మడమలో వెనక్కీ ముందుకీ జారుతుంది, వేలు కదపకుండా ఒకచోట ఉంచితే ట్రిగ్గరే వచ్చి వచ్చి వేలికి తగులుతుంది. వినేవాళ్ల చెవికి అది ఎల్‌ఎంజీ మోత. 2018 చివర్లో అక్కడి ప్రభుత్వం బంప్ స్టాక్ బిగిస్తే మెషిన్‌గన్ కిందే లెక్క అని నియమం తెచ్చింది. 2024 జూన్ 14న సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా ఆ నియమాన్ని కొట్టేసింది. మెజారిటీ చెప్పిన కారణం ఇది: ప్రతి తూటాకూ ట్రిగ్గర్ విడివిడిగా వెనక్కి పోయి తిరిగి ముందుకు వస్తోంది, కాబట్టి ఒక్కసారి పనిచేస్తే ఒక్కటే తూటా. ముగ్గురు జడ్జీలు ట్రిగ్గర్‌ను కాకుండా మనిషిని చూడమన్నారు. అతను ఒక్కసారి నొక్కి, రెండో చేత్తో ముందుకు తోస్తూ ఉంటే చాలు, తూటాలు వస్తూనే ఉన్నాయి కదా అన్నారు.

బల్ల మీద రైఫిల్ విప్పి చూసే మనిషిగా నేను మెజారిటీ వర్ణించిన యంత్రాన్ని తప్పుపట్టలేను. కొక్కెం ప్రతిసారీ హ్యామర్‌ను పడుతోంది, ప్రతిసారీ వదులుతోంది. కానీ కింద మైదానంలో పడిపోయిన ఆడవాళ్లకు, మగవాళ్లకు ఆ కొక్కెం వల్ల ఒరిగిందేమీ లేదు. చట్టం గీసిన గీత ట్రిగ్గర్ లోపల ఒక్కచోటే ఉంటే, దాన్ని ఒక ప్లాస్టిక్ మడమతో దాటేయవచ్చని ఆ రాత్రి రుజువైంది. మన నిర్వచనం కూడా ట్రిగ్గర్ మీది ఒత్తిడి గురించే మాట్లాడుతుంది. బంప్ స్టాక్ మన కోర్టు ముందుకు వస్తే వకీళ్లు ఇదే వాదన తెస్తారు. ఇప్పటిదాకా ఆ అవసరం రాలేదంటే, బిగించడానికి కావలసిన సెమీ ఆటోమేటిక్ రైఫిలే మామూలు ఇళ్లలో లేదు కాబట్టి. మనల్ని కాస్తున్నది రెండో గీత.

రెండో ఘటన మా ఇంటికి దగ్గరిది. మా చెల్లెలి కూతురు డాలస్ పక్కన ఉంటుంది. 2023 మే 6న అక్కడికి దగ్గర్లోని ఆలెన్ అనే ఊళ్లో, జనం బట్టలు కొనుక్కునే మాల్ దగ్గర ఒకడు ఏఆర్-15 తరహా రైఫిల్‌తో కాల్చాడు. ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లలో ఉద్యోగం కోసం వెళ్లిన తెలుగు అమ్మాయి ఒకరు. మా చెల్లెలు ఆ రాత్రంతా ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చుంది, బిడ్డ గొంతు వినేదాకా నీళ్లు కూడా ముట్టలేదు. నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలో అమెరికాకు పిల్లల్ని పంపిన ఎన్నో ఇళ్లలో అదే టెన్షన్. ఆ రైఫిల్‌కు బంప్ స్టాక్ లేదు, ఆటోమేటిక్ మీట లేదు. నొక్కిన ప్రతిసారీ ఒక్కటే తూటా. 'ఒక్కసారికి ఒక్కటే తూటా' అన్న మాటను అచ్చంపేట సోదరుడు భరోసాగా రాశారు. నాకు ఆ మాట వింటే ఆ రాత్రి మా చెల్లెలి ముఖమే గుర్తొస్తుంది.

మిగతా దేశాలు ఇలాంటివి చూసి గీతను కిందికి దించుకున్నాయి. బ్రిటన్‌లో 1987లో హంగర్‌ఫర్డ్‌లో ఒకడు 16 మందిని చంపాక, 1988లో .22 రిమ్‌ఫైర్‌వి తప్ప సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లన్నీ నిషేధించారు. ఆస్ట్రేలియాలో 1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది పోయాక అదే పని చేసి, ప్రజల దగ్గరున్న తుపాకులు ప్రభుత్వమే డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది. న్యూజీలాండ్ 2019 మార్చిలో క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మంది పోయాక నెల తిరగకముందే చట్టం చేసింది. వాళ్లంతా శవాలు లెక్కపెట్టుకున్నాక వచ్చి నిలబడిన చోట మనం ముందు నుంచీ ఉన్నాం. అక్కడి నుంచి మనం ఎందుకు కదలాలి?

బ్రిటన్ సంగతి వచ్చింది కాబట్టి మన ఎంపీలకు ఒక విన్నపం. నిషిద్ధ ఆయుధం అంటే ఏదో చెప్పే మన 1959 చట్టంలోని ఆ వాక్యం బ్రిటిష్ చట్టంలో ఒకప్పుడు ఉన్నదే, దాదాపు అక్షరం అక్షరం. ఒత్తిడి తీసేవరకు, లేదా మ్యాగజైన్ ఖాళీ అయ్యేవరకు. ఇప్పుడు ఇన్సాస్ రైఫిల్ చూడండి. అందులో ఒక్కో రౌండు కాకుండా మూడు రౌండ్ల బర్స్ట్ ఉంది. ట్రిగ్గర్ పట్టుకునే ఉన్నా మూడు పేలి ఆగిపోతుంది. మ్యాగజైన్ ఖాళీ కాదు, ఒత్తిడీ తీయలేదు. వాక్యాన్ని అక్షరాలా పట్టుకుంటే ఆ తుపాకి అందులో ఇమడదు. బ్రిటన్ వాళ్లు 1988లో ఆ వాక్యాన్ని తీసేసి, ట్రిగ్గర్ మళ్లీ నొక్కకుండా రెండు లేదా అంతకంటే ఎక్కువ తూటాలు వరుసగా వదలగలిగేది అని మార్చుకున్నారు. మన దగ్గర 2019లో శిక్షలు పెంచారు, ఒక మనిషి దగ్గర మూడు తుపాకులు ఉండవచ్చన్నది రెండుకు తగ్గించారు, పెళ్లిళ్లలో గాల్లోకి కాల్చి ఎదుటివాళ్ల ప్రాణం మీదికి తెచ్చేవాళ్లకు రెండేళ్ల దాకా జైలు పెట్టారు. అన్నీ మంచివే. ఈ వాక్యం మాత్రం 1959లో ఉన్నట్టే ఉంది. దాన్ని మార్చడం పార్లమెంటులో ఒక పూట పని. నల్గొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఎంపీలలో ఎవరు అడిగినా సంతోషమే.

ఇక పందుల సంగతి. ఆ సోదరుడి బాధను నేను చిన్నది చేయడం లేదు. పంట మీద అప్పు తెచ్చినవాడికి తెల్లారి చేను చూసుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ రైఫిల్ ఆ పనికి తగిన వస్తువు కాదు. 7.62 ఎంఎం తూటా సెకనుకు 800 మీటర్ల పైచిలుకు వేగంతో బయటికి వస్తుంది. గురి తప్పితే రెండు కిలోమీటర్లు దాటి పోతుంది. మన నేల ఎలా ఉంటుంది? చేను, చేను పక్కన తండా, తండా దాటితే రోడ్డు, ఆ రోడ్డు మీద తెల్లవారుజామున పాల క్యాన్లు వేసుకుని పోయే మనిషి. గొర్రెల మంద దగ్గర పడుకున్న కాపరి. చీకట్లో, నిద్రమత్తులో, కంది సాళ్లలో ఏదో కదిలిందని కాల్చేది మనం. పోలీసు ఫైరింగ్ రేంజ్‌లో పట్టపగలు, వెనక మట్టికట్ట పెట్టి కూడా మేం ఎన్ని జాగ్రత్తలు తీసుకునేవాళ్లమో నాకు తెలుసు. పైగా మ్యాగజైన్‌లో 20 రౌండ్లు ఉంటే భయపడ్డ మనిషి ఒక్కటి కాల్చి ఆగడు. గురి చూడకుండా వరుసగా నొక్కేస్తాడు. రేంజ్‌లో కొత్త కానిస్టేబుళ్లే అలా చేసేవాళ్లు.

పన్నెండు బోర్ తుపాకి అలా కాదు. గొట్టం లోపల నున్నగా ఉంటుంది, గుళ్లు విచ్చుకుని పోతాయి. నలభై గజాల లోపు పందిని పడగొడుతుంది, ఆ దూరం దాటితే దాని బలం తొందరగా తగ్గిపోతుంది. చేను కాపలాకు కావలసింది అదే. మన చట్టం ఈ సంగతిని 1959లోనే ఆలోచించింది. పదమూడో సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. నిజంగా పంట రక్షణ కోసమే అయితే ముందు నుంచి మందు కూరే తుపాకికి, అంటే మన బర్మార్‌కు, లైసెన్సు ఇవ్వాలి. ఆ బర్మార్ సరిపోదని అధికారికి నమ్మకం కలిగితే 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నటి బోరు తుపాకికి ఇవ్వవచ్చు. మా తాతల కాలంలో ఈ జిల్లాలో రజాకార్ల మీదికి వడిసెలలు, బర్మార్లు పట్టుకునే వెళ్లారు. ఆ బర్మార్ ఇప్పటికీ చట్టంలో రైతు పేరు మీద ఉంది.

మరి రైతుకు ఎందుకు అందడం లేదు? నా ఫిర్యాదు ఇక్కడ. అర్జీ పెట్టుకున్న రైతు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోతాడు. నాకు బాగా తెలిసిన ఒక రైతు ఫైలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పోయి, ఇస్తామనీ అనకుండా, ఇవ్వమనీ రాతపూర్వకంగా చెప్పకుండా ఉండిపోయింది. ఇవ్వమని రాసిస్తే పైన అప్పీలు చేసుకునే దారి చట్టంలో ఉంది. రాసివ్వకపోతే ఆ దారి కూడా మూసినట్టే. చివరికి అలాంటి రైతులు రెండు పనులు చేస్తున్నారు. చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నారు, దానికి పక్క చేను రైతులు, పశువులు బలవుతున్నారు. లేదా దొంగచాటుగా నాటు తుపాకి చేయించుకుంటున్నారు. నీళ్ల పైపుతో చేసిన ఆ గొట్టాలు ఎలా పగులుతాయో నేను చూశాను. ఒకసారి స్టేషన్‌కు వచ్చిన నాటు తుపాకి గొట్టం మందు పోసే చోట అరటితొక్కలా విచ్చుకుని ఉంది. దాన్ని పట్టుకున్న అతనికి ఎడమచేతి రెండు వేళ్లు లేవు, పైన కేసు. అధికారులు పదమూడో సెక్షన్‌ను మనసుపెట్టి అమలు చేస్తే అతని వేళ్లు అతనికి ఉండేవి.

కాబట్టి అచ్చంపేట సోదరుడికి, ఆయనలాంటి వాళ్లకు నేను చెప్పేది ఇది. ఢిల్లీ ఇచ్చే రైఫిల్ కోసం కాదు, జిల్లాలో ఇవ్వాల్సిన పన్నెండు బోర్ కోసం గట్టిగా అడగండి. అర్జీలో కారణం దగ్గర 'ఆత్మరక్షణ' అని అలవాటుగా రాయకండి, 'పంట రక్షణ' అని రాసి, సర్వే నంబరు, ఏ పంట, ఎన్ని గుంటలు పాడైందో వ్యవసాయ అధికారి చేత రాయించి జతచేయండి. తుపాకి వాడకంలో శిక్షణ తీసుకోవాలని నియమాల్లో ఉంది, దాన్ని దొంగ సర్టిఫికెట్‌తో దాటేయకండి, నిజంగా నేర్చుకోండి. లైసెన్సు వచ్చినంత మాత్రాన పందిని చంపే అనుమతి వచ్చినట్టు కాదు. 1972 వన్యప్రాణి చట్టం కింద అటవీశాఖ అనుమతి వేరే తీసుకోవాలి. సైకిల్ మీద తేలిగ్గా ఉంటుందని గొట్టం కోయించవద్దు. 20 అంగుళాల కంటే పొట్టిదైతే అది ఇందాక చెప్పిన ఒకటో కేటగిరీ 'బి'లోకి, సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల పక్కకు పోతుంది. పంట కోసం తెచ్చుకున్న తుపాకి జైలు తెస్తుంది.

కలెక్టర్లకు, ఎస్పీలకు నేను కోరేది ఒక్కటే. పంట రక్షణ అర్జీలను విడిగా ఒక రిజిస్టర్‌లో పెట్టి, ఇస్తున్నారో లేదో, లేకపోతే ఎందుకు ఇవ్వడం లేదో రైతుకు కాగితం మీద చెప్పండి.

సెకండ్ హ్యాండ్‌లో సింగిల్ బ్యారెల్ కొనబోయే రైతులు ముందు నాకు చూపిస్తే సంతోషం. గొట్టం లోపల గుంటలు పడ్డాయా, లాక్ వదులైందా, ఫైరింగ్ పిన్ అరిగిందా అన్నవి పది నిమిషాల్లో చూసి చెప్పగలను. లైసెన్సు కాగితం వెంట తెచ్చుకోండి, అది లేకుండా తుపాకిని నేను ముట్టను.

ఇట్లు,
విశ్రాంత పోలీసు ఆర్మరర్,
దేవరకొండ, నల్గొండ జిల్లా